పగలు ఎండ కాస్తే వరికి అగ్గి తెగులు రాదా? ఎన్ని డిగ్రీల దగ్గర ఆకుకు తెగులు పడుతుంది?

ఒడిశాలో గజపతి జిల్లా కాశీనగరం దగ్గరి పల్లె నుంచి ఒక రైతు అడిగిన ప్రశ్న ఇది. సాంబమసూరి వరి పొట్ట దశకు, అంటే వెన్ను ఇంకా ఆకు తొడుగులోనే ఉన్న దశకు వచ్చింది. ఆకుల మీద అక్కడక్కడా మచ్చలు కనిపిస్తున్నాయి. పగలు 31, 32 డిగ్రీలు, రాత్రి 22 అని ఫోను చూపిస్తోంది. ‘ఇంత ఎండకు బూజు బతకదు, మందు దండగ’ అని మామయ్య అంటున్నారు. అసలు ఎన్ని డిగ్రీల దగ్గర ఆకుకు తెగులు సోకుతుంది? ఫోనులో డిగ్రీలు చూసి మందు కొట్టాలా వద్దా అని నిర్ణయించుకోవచ్చా? కోతల తర్వాత వేసే మినుముకు కూడా ఇదే లెక్కా?

ముందు సూటిగా జవాబు చెబుతాను. మీరు రాసిన వాతావరణం అగ్గి తెగులుకు బాగా అనుకూలమైనది. పగటి ఎండ మీ పైరును కాపాడదు. ఈ తెగులు ఆకులోకి దిగేది రాత్రిపూట. రాత్రి 20 నుంచి 26 డిగ్రీల మధ్య ఉండి, ఆకు మీద తడి ఏకబిగిన ఏడెనిమిది గంటలు నిలిస్తే చాలు, మరుసటి పగలు 32 డిగ్రీలున్నా అప్పటికి పని జరిగిపోయి ఉంటుంది. కాబట్టి డిగ్రీలు ఒక్కటే చూస్తే సరిపోదు. ఆ డిగ్రీల దగ్గర ఆకు ఎన్ని గంటలు తడిగా ఉందో కూడా చూడాలి. ఇక మినుము లెక్క పూర్తిగా వేరు, దాని సంగతి చివర చెబుతాను.

గుణుపురం, పర్లాకిమిడి చుట్టుపక్కల పొలాలు తిరిగి తెగుళ్లు చూడటం చాలా ఏళ్లుగా నా పని. మీ మామయ్యగారు అన్న మాట నాకు చాలామంది పెద్దల నోట వినిపించింది. అందులో కొంత నిజం లేకపోలేదు. అగ్గి తెగులు శిలీంధ్రానికి నిజంగానే ఎక్కువ వేడి గిట్టదు. 25 నుంచి 28 డిగ్రీల మధ్య అది హాయిగా పెరుగుతుంది, 35 దగ్గరికి వచ్చేసరికి దాదాపు చతికిలబడుతుంది. కానీ మధ్యాహ్నం మూడు నాలుగు గంటల వేడికి అది చావదు. ఒకసారి ఆకు లోపలికి చేరాక పైనున్న ఎండ దాన్ని పెద్దగా ఏమీ చేయలేదు, సాయంత్రం చల్లబడగానే మళ్లీ పని మొదలుపెడుతుంది.

రాత్రి ఏం జరుగుతుందో కొంచెం వివరంగా చెబుతాను. ఇది తెలిస్తే ఎప్పుడు భయపడాలో, ఎప్పుడు అక్కర్లేదో మీరే లెక్కగట్టుకోగలరు.

పాత మచ్చ మధ్యలో బూడిద రంగు భాగం ఉంటుంది చూశారా, సిద్ధబీజాలు, అంటే విత్తనాల్లా తెగులును వ్యాపింపజేసే సూక్ష్మ కణాలు తయారయ్యేది అక్కడే. గాలిలో తేమ 90 శాతం దాటిన రాత్రుల్లో, ముఖ్యంగా అర్ధరాత్రి దాటాక అవి గాలిలోకి లేస్తాయి. పెద్ద మచ్చ ఒక్కటే రోజుకు రెండు వేల నుంచి ఆరు వేల సిద్ధబీజాలను, అదీ దాదాపు రెండు వారాల పాటు వదలగలదు. పక్క ఆకు మీద పడిన సిద్ధబీజం నీటి పొరలో మొలకెత్తి, చిన్న గొట్టం వేసి, దాని కొసన నల్లటి బుడిపెను తయారు చేసుకుంటుంది. ఆ బుడిపె ఆకుకు గట్టిగా అతుక్కుని లోపల ఒత్తిడి పెంచుతుంది. కారు టైరులో ఉండే గాలి ఒత్తిడికి అది దాదాపు 40 రెట్లు. ఆ బలంతో ఆకు పై పొరను పొడుచుకుని లోపలికి దిగుతుంది. ఇదంతా పూర్తయ్యేదాకా ఆకు తడి ఆరకూడదు. మధ్యలో ఆరిపోతే మొలకెత్తిన సిద్ధబీజాలలో చాలా భాగం అక్కడే చచ్చిపోతాయి.

ఉష్ణోగ్రత పాత్ర ఇక్కడ తెలుస్తుంది. 24 డిగ్రీల దగ్గర ఈ పని సుమారు ఆరు గంటల్లో అయిపోతుంది. 28 దగ్గర ఎనిమిది గంటలు, 32 దగ్గర పది గంటలు పడుతుంది. 20 కంటే బాగా కిందికి పోయినా గంటలు పెరుగుతాయి. అంటే మీ ఊళ్లో రాత్రి 22 నుంచి 24 ఉంటే శిలీంధ్రానికి కావలసిన సమయం అతి తక్కువ. ఆకులోకి దిగాక మచ్చ బయటపడటానికి పట్టే రోజులు కూడా ఉష్ణోగ్రతను బట్టే మారతాయి. 26–28 డిగ్రీల దగ్గర నాలుగైదు రోజులు, 24–25 దగ్గర ఐదారు రోజులు, 17–18 దగ్గర ఏడు నుంచి తొమ్మిది రోజులు, 10 డిగ్రీల దగ్గరైతే రెండు వారాలు దాటవచ్చు. మీరు ఈ రోజు చూస్తున్న మచ్చలు ఐదారు రోజుల కిందటి రాత్రులు పెట్టినవి. నిన్న రాత్రి దిగినవి ఇంకా మీ కంటికి కనిపించడం లేదు.

ఇప్పుడు మన ప్రాంతానికి సంబంధించిన అసలు సంగతి. గుణుపురం దగ్గర ఒకే రైతుకు రెండు మడులు ఉన్నాయి. ఒకే విత్తనం, ఒకే రోజు నాటు, యూరియా కూడా ఒకే లెక్క. ఒక మడి వంశధార వైపు బయలులో ఉంది. రెండోదానికి తూర్పున కొండ. బయలు మడిలో మచ్చల కోసం వెతుక్కోవాలి. కొండ కింది మడిలో మాత్రం ఏటా అక్టోబరు చివరికల్లా ఆకులు కాలినట్టు తయారవుతాయి. నేల మంచిది కాదనీ, నీరు పాడనీ ఆ రైతు అనుకునేవారు. కారణం ఎండ. బయలు మడికి సూర్యుడు లేచిన కాసేపటికే ఎండ తగిలి ఏడు గంటలకల్లా ఆకు ఆరిపోతుంది. కొండ కింది మడికి ఎండ చేరేసరికి తొమ్మిది దాటుతుంది, తడి తొమ్మిదిన్నర వరకు ఉంటుంది.

లెక్క వేసి చూడండి. రాత్రి రెండు గంటలకు ఆకు మీద పడిన సిద్ధబీజానికి బయలు మడిలో దొరికేది ఐదు గంటలు. ఆరు గంటల పని ఐదు గంటల్లో పూర్తి కాదు, ఎండి చస్తుంది. కొండ కింద అదే సిద్ధబీజానికి ఏడున్నర గంటలు దొరుకుతాయి, తీరిగ్గా లోపలికి దిగుతుంది. రెండు మడుల్లోనూ ఉష్ణమాపకం పెట్టి చూస్తే రాత్రి తేడా ఒకటి రెండు డిగ్రీలకు మించదు. ఆ రెండున్నర గంటల తడే పంటకు, నష్టానికి మధ్య తేడా. గజపతి, రాయగడ జిల్లాల్లో కొండల మధ్య ఇరుకు లోయల్లో సాగు ఎక్కువ కాబట్టి ఈ విషయం మనవాళ్లందరూ పట్టించుకోవాలని నా కోరిక. తూర్పున కొండ గానీ, దట్టమైన తోట గానీ ఉన్న మడిని విడిగా చూడండి, దాని కోసం నిర్ణయం విడిగా తీసుకోండి. పొలమంతటికీ ఒకే మందు, ఒకే రోజు అన్న పద్ధతి ఇక్కడ నప్పదు.

ఫోను సంగతి. అది చూపించే డిగ్రీలు మీ మడివి కావు. ఎక్కడో ఉన్న కేంద్రం నుంచి లెక్కగట్టిన గాలి ఉష్ణోగ్రత అది. ఆకాశం తేటగా ఉన్న రాత్రి ఆకు తన వేడిని పైకి వదిలేసి చుట్టూ ఉన్న గాలి కంటే రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది. మంచు పట్టేది అందుకే. పైగా రాత్రి చల్లగాలి కొండ మీది నుంచి జారి పల్లపు మడుల్లో నిలుస్తుంది. ఫోను 24 అంటే పల్లపు మడిలో ఆకు 21 ఉండవచ్చు. మబ్బు పట్టిన రాత్రి ఆకు అంతగా చల్లబడదు, మంచూ తక్కువే. కానీ తెల్లారి కూడా మబ్బు వీడకపోతే, లేదా చినుకులు పడుతూ ఉంటే తడి పదకొండు దాకా ఆరదు. అందుకే తుపాను వెళ్లిపోయాక వచ్చే మబ్బు రోజులు చాలా ప్రమాదం.

నేను చెప్పే పద్ధతి ఖర్చు లేనిది. రాత్రి తొమ్మిదికి ఒకసారి, ఉదయం ఏడుకు, ఎనిమిదికి, తొమ్మిదికి మడిలోకి వెళ్లి మోకాలి ఎత్తున ఆకుల మీద అరచేయి ఆనించి చూడండి. గట్టు పక్కన కాదు, నాలుగు బారలు లోపలికి దిగి చూడాలి. తడి ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆరింది అని గోడ కేలండరులో ఆ తేదీ పక్కన రాసుకోండి. గరిష్ఠ కనిష్ఠ ఉష్ణమాపకం ఒకటి కొని మడిలో కర్రకు నీడలో కట్టుకోగలిగితే మరీ మంచిది. వరుసగా మూడు నాలుగు రాత్రులు 20–26 డిగ్రీలు, ఉదయం ఎనిమిదిన్నర దాటినా అరచేతికి తడి తగలడం, ఈ రెండూ కలిస్తే ఆగకండి.

ఇది నా సొంత కల్పన కాదు. కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థలో పనిచేసిన ఎస్.వై.పద్మనాభన్ 1960లలోనే ఇలాంటి సూత్రం చెప్పారు. నారుమడిలో, నాటాక పిలకలు వేసేటప్పుడు, వెన్ను బయటికి వచ్చేటప్పుడు, ఈ మూడు దశల్లో ఏ దశలోనైనా రాత్రి కనిష్ఠం 20–26 డిగ్రీలు, తేమ 90 శాతం పైన ఒక వారం నిలిస్తే అగ్గి తెగులు విజృంభిస్తుందని. మన పొలాలకు ఒక రోజు ప్రయాణం దూరంలో పుట్టిన జ్ఞానం ఇది. వారమంతా ఎదురు చూడకుండా మూడు నాలుగు రాత్రులకే కదలమని నేను చెప్పడానికి కారణం సాంబమసూరి. అది ఈ తెగులుకు చాలా తేలికగా లొంగే రకం.

మీ మడికి ఇప్పుడు చేయవలసింది చెబుతాను. ముందు మచ్చ ఏమిటో తేల్చుకోండి. అగ్గి తెగులు మచ్చ నూలు కండె ఆకారంలో, రెండు కొసలూ మొనదేలి, అంచు గోధుమ రంగులో, మధ్య బూడిద రంగులో ఉంటుంది. సందేహంగా ఉంటే మచ్చలున్న ఆకు ముక్కలు నాలుగు తెంపి, తడిపిన దూదితో పాటు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో రాత్రంతా ఉంచండి. తెల్లారి భూతద్దం కింద మచ్చ మధ్యలో బూడిద రంగు సన్నని నూగు కనిపిస్తే అగ్గి తెగులే.

అదే అయితే ట్రైసైక్లజోల్ 75 శాతం పొడి మందు లీటరు నీటికి 0.6 గ్రాములు, లేదా ఐసోప్రొథియోలేన్ 40 శాతం లీటరుకు 1.5 మిల్లీలీటర్లు కలిపి ఎకరానికి 200 లీటర్ల ద్రావణం పడేలా పిచికారీ చేయండి. ట్రైసైక్లజోల్ పనిచేసే తీరు గమనించదగ్గది. నేను పైన చెప్పిన బుడిపెకు నల్ల రంగు పట్టనివ్వదు. ఆ నలుపు లేకపోతే ఒత్తిడి నిలవదు, ఆకును పొడవలేదు. అంటే ఈ మందు కొత్తగా దిగేవాటిని ఆపుతుంది గానీ, ఉన్న మచ్చను మాన్పదు. మందు కొట్టాక నాలుగైదు రోజుల పాటు కొత్త మచ్చలు కనిపిస్తే మందు పనిచేయలేదని కంగారు పడకండి. అవి పిచికారీకి ముందే లోపలికి దిగినవి. ఆరేడు రోజుల తర్వాత కూడా లేత ఆకుల మీద కొత్తవి వస్తుంటేనే ఆలోచించాలి. ఈ ఒక్క సంగతి తెలియక మూడో రోజునే దుకాణానికి పరుగెత్తి మరో రెండు మందులు కలిపి కొట్టే రైతులను చూస్తే బాధ వేస్తుంది. డబ్బు పోతుంది, పురుగులను తినే సాలీళ్లు పోతాయి, తెగులు మాత్రం తన లెక్క ప్రకారమే నడుస్తుంది.

పొట్ట దశ కాబట్టి ఆకుల కంటే మెడ మీద, అంటే వెన్ను మొదలు మీద ఎక్కువ దృష్టి పెట్టండి. వెన్ను బయటికి వచ్చే సమయానికి ఇవే రాత్రులు కొనసాగితే మెడ విరుపు వస్తుంది, గింజ తాలుగా మారుతుంది. ఆకు మచ్చల నుంచి పైరు కోలుకోగలదు, మెడ విరిగితే చేయగలిగేది ఏమీ లేదు. కాబట్టి ఇప్పుడు ఒకసారి, వెన్నులు తొంగి చూసే సమయంలో వాతావరణం ఇలాగే ఉంటే రెండోసారి. ఆకు ఆరాక ఉదయం తొమ్మిది, పది గంటలకు గానీ, గాలి తగ్గిన సాయంత్రం నాలుగుకు గానీ కొట్టండి. తడి ఆకు మీద కొడితే ద్రావణం మంచుతో కలిసి కిందికి కారిపోతుంది. మీరు వేయవలసిన నత్రజని ఏదైనా మిగిలి ఉంటే ఈ వారం ఆపండి. యూరియా ఎక్కువైన ఆకు మెత్తబడి సులువుగా లొంగుతుంది. మడిలో నీరు తీసేయకండి. నేల ఎండిన మడిలో అగ్గి తెగులు ఇంకా పెరుగుతుంది.

డిగ్రీలు చూసి తెగులు పేరు ఊహించవచ్చా అని కూడా కొందరు అడుగుతుంటారు. కొంతవరకు వీలవుతుంది. ఆగస్టు, సెప్టెంబరులో మన దగ్గర రాత్రి 25, 26 కంటే పెద్దగా కిందికి దిగదు, పగలు ఉక్క. అప్పుడు పైరు దట్టంగా ఉంటే 28 నుంచి 32 డిగ్రీలు ఇష్టపడే పాముపొడ తెగులు నీటి మట్టం దగ్గర మొదలై పైకి పాకుతుంది. దానికి ట్రైసైక్లజోల్ పనిచేయదు, హెక్సాకొనజోల్ గానీ వాలిడామైసిన్ గానీ లీటరుకు 2 మిల్లీలీటర్లు వాడాలి. అదే కాలంలో కొరాపుట్ ఎత్తు మీద సంగతి వేరు. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుందని లెక్క. గుణుపురం కంటే కొరాపుట్ రమారమి 800 మీటర్లు ఎత్తు, అంటే దాదాపు ఐదు డిగ్రీల తేడా. అందుకని మనకు అక్టోబరులో వచ్చే అగ్గి తెగులు రాత్రులు వాళ్లకు వానాకాలం మధ్యలోనే వచ్చేస్తాయి, వరికీ చోళ్లకూ (రాగులకూ) కూడా. మొక్కజొన్నలో ఈ తేడా ఇంకా బాగా కనిపిస్తుంది. 18–27 డిగ్రీలు ఇష్టపడే టర్సికమ్ ఆకు ఎండు తెగులు, పొడవాటి పడవ ఆకారపు మచ్చలతో, ఎత్తు ప్రాంతాల్లో ఎక్కువ. 20–32 డిగ్రీలలో పెరిగే మేడిస్ ఆకు ఎండు తెగులు, చిన్న మచ్చలతో, కింది లోయల్లో ఎక్కువ. కొరాపుట్ ఎత్తు మీది సెమిలిగుడలో మీ బంధువు వాడిన మందునే కాశీనగరంలో మీరూ వాడితే ప్రయోజనం ఉండకపోవచ్చు.

అయితే ఉష్ణోగ్రత ఒక్కటే అన్నీ నిర్ణయిస్తుందని కూడా అనుకోకండి. 1942లో బెంగాల్లో వరిని ముంచిన గోధుమ రంగు మచ్చ తెగులు గురించి పద్మనాభన్ 1973లో వివరంగా రాశారు. వరుస వానలు, విడవని మబ్బు, ఆ కాలానికి మామూలు కంటే ఎక్కువ వెచ్చదనం కలిసి దాన్ని పెంచాయి. మరుసటి ఏడు వచ్చిన కరువుకు యుద్ధం, ప్రభుత్వ విధానాలతో పాటు ఈ తెగులును కూడా ఒక కారణంగా చెబుతారు. అదే తెగులు మన దగ్గర ఎప్పుడూ మొదట పట్టేది పొటాష్ తక్కువైన, సారం లేని మెరక చెక్కలను. వాతావరణం ఒకటే అయినా ఆకలితో ఉన్న పైరు ముందు లొంగుతుంది.

ఇంకొక హెచ్చరిక. మచ్చలన్నీ శిలీంధ్రాలు పెట్టినవే కావు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాను అతలాకుతలం చేశాక, చీరుకుపోయిన ఆకుల గుండా బ్యాక్టీరియా ఎండాకు తెగులు దిగింది. చాలామంది ఆ ఆకులు పట్టుకుని అగ్గి తెగులు మందు కావాలని వచ్చారు. తేడా తెలుసుకోవడం సులువు. అంచుల నుంచి ఎండుతున్న ఆకును అడ్డంగా కోసి, గాజు గ్లాసులోని తేట నీటిలో కోసిన కొసను ముంచి కదపకుండా పట్టుకోండి. కొన్ని నిమిషాల్లో కొస నుంచి పాలలాంటి సన్నని ధార కిందికి జారితే అది బ్యాక్టీరియా. దానికి పైన చెప్పిన ఏ మందూ పనిచేయదు. నత్రజని ఆపి, మడిలోని నీరు తీసి ఆరబెట్టాలి. అగ్గి తెగులుకు చేయకూడదని చెప్పినదే దీనికి చేయాలి, అందుకే ముందు గుర్తు పట్టమంటున్నాను.

ఇక మినుము. కోతల తర్వాత డిసెంబరు, జనవరిలో దానికి పట్టేది బూడిద తెగులు. రాత్రి చలి, పగలు పొడి, 20–25 డిగ్రీలు దానికి ఇష్టం. కానీ దాని సిద్ధబీజం మొలకెత్తడానికి ఆకు మీద నీరు అక్కర్లేదు, తనలో ఉన్న తేమ దానికి చాలు. నీరు నిలిస్తే దానికే నష్టం, గట్టి వాన పడితే కొట్టుకుపోతుంది. కాబట్టి అరచేతితో తడి చూసే పద్ధతి ఇక్కడ పనికిరాదు. విత్తిన 30 రోజుల నుంచి కింది ఆకుల పైభాగం చూస్తూ ఉండండి. ముగ్గు చల్లినట్టు తెల్లటి చిన్న మరకలు కనిపించిన వెంటనే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి కొట్టండి. గంధకాన్ని మాత్రం పగలు 32 డిగ్రీలు దాటే రోజుల్లో కొట్టకూడదు, ఆకు మాడుతుంది. జనవరిలో ఆ భయం ఉండదు. ఆలస్యంగా విత్తి ఫిబ్రవరి చివరికి వెళితే పొద్దువాలాకే కొట్టండి, లేదా గంధకం మాని మైక్లోబ్యూటానిల్ లీటరుకు 1 గ్రాము వాడండి.

మీ మడికి తూర్పున ఏముందో, ఉదయం ఎన్ని గంటలకు ఆకు ఆరుతోందో, మచ్చలు పై ఆకుల మీద ఉన్నాయో కింది ఆకుల మీద ఉన్నాయో రాయండి. మచ్చ స్పష్టంగా కనిపించేలా దగ్గర నుంచి తీసిన ఫొటో ఒకటి పెట్టండి. గుణుపురంలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, మీ జిల్లాకు ఆర్.ఉదయగిరిలో ఉంది. ఆంధ్ర వైపు శ్రీకాకుళం జిల్లాలో ఆమదాలవలసలో కూడా ఒకటి ఉంది. తెగులు పట్టిన ఆకులను తడి ఆరనిచ్చి కాగితంలో చుట్టి తీసుకెళ్లండి. ప్లాస్టిక్ సంచిలో వేస్తే దారిలోనే కుళ్లి, అక్కడివారు ఏదీ తేల్చలేరు.